సార్ట్ మాట విన్న మనిషి

సూరత్‌లో తెలుగువాళ్ల పనితనం గురించి రాయాలంటే ఎవరైనా మగ్గం దగ్గరే మొదలుపెడతారు. అది న్యాయమే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు ఎప్పటినుంచో వచ్చి ఈ ఊరి పవర్‌లూమ్‌ల మీద బతుకు నిలబెట్టుకున్నారు. లింబాయత్ వీధుల్లో నడుస్తుంటే తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. నేను పరిచయం చేయబోయే మా మిత్రుడు ఆ మగ్గాల ఇళ్లలోంచే వచ్చినవాడు. ఆయన చేతిలో ఉండేది మాత్రం నూలు కాదు. అమెరికాలో ఎక్కడో ఉన్న ఒక మెయిన్‌ఫ్రేమ్‌లో రాత్రిపూట నడిచే జాబులను ఇక్కడ ఇంట్లో కూర్చుని కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. న్యూయార్క్‌లో వేసవి అర్ధరాత్రి అంటే మనకు ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ బ్యాచ్ ఊపందుకునే వేళకు ఇక్కడ టిఫిన్లు అయిపోయి ఉంటాయి.

డిగ్రీ అయ్యాక ఆయన హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేశారు. కోబాల్, జేసీఎల్, డీబీ2, సీఐసీఎస్ అన్న నాలుగు పేర్లు ఒక తరం తెలుగు కుర్రాళ్లకు నోటికి వచ్చేవి. 2000 సంవత్సరం దగ్గర పడుతుంటే, సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములను సరిదిద్దడానికి ప్రపంచానికి మనుషులు కావాల్సి వచ్చారు. అలా వెళ్లినవారిలో మనవాళ్లు చాలామంది. ఆ గిరాకీ తగ్గాక చాలామంది జావా వైపు మళ్లారు. కొందరు మెయిన్‌ఫ్రేమ్‌తోనే ఉండిపోయారు. బ్యాంకుల లెక్కలు, బీమా పాలసీలు, విమానాల టికెట్లు ఇప్పటికీ ఈ పెద్ద యంత్రాల మీద నడుస్తున్నాయంటే అలా ఉండిపోయినవాళ్ల పుణ్యమే. వాళ్ల పని బయటివాళ్ల కంట పడదు. పడిందంటే ఏదో ఆగిపోయిందనే అర్థం. అందుకే ఒక మరమ్మతును పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా ఎలా చేశారో దగ్గరగా చూపించాలనిపించింది.

ముందు సార్ట్ గురించి నాలుగు మాటలు. ఫైలులోని రికార్డులను ఒక వరసలో పెట్టడం, అంతే దాని పని. కానీ మెయిన్‌ఫ్రేమ్‌లో రాత్రి జరిగే పనులు చాలావరకు ఆ వరస మీదే నిలబడి ఉంటాయి. ఒక చేతిలో ఖాతాల ఫైలు, ఇంకో చేతిలో ఆ రోజు లావాదేవీల ఫైలు. రెండూ ఖాతా నంబరు వరసలో ఉంటేనే, రెంటినీ ఒక్కొక్క రికార్డుగా చదువుతూ పోల్చుకుంటూ పోవచ్చు. 1973లో వచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ పుస్తకం మూడో సంపుటం మొత్తం సార్టింగ్, సెర్చింగ్‌ల మీదే. 1960లలో కంప్యూటర్ తయారీదారుల అంచనా ప్రకారం యంత్రాల సమయంలో పాతిక శాతానికి పైగా సార్టింగ్‌కే పోయేదని ఆయన అందులో రాశారు. అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కు దక్కిన తొలి పేటెంట్ కూడా సార్టింగ్ పద్ధతికే. 1968 ఏప్రిల్ 23న మార్టిన్ గోట్జ్‌కు ఇచ్చారు. అంటే ఇది ఎవరో పక్కన పడేసిన చిన్న పనిముట్టు కాదు. కంప్యూటర్ విద్యలో బాగా నలిగిన, బాగా నున్నబడ్డ పనిముట్లలో ఒకటి. ఐబీఎమ్ వాళ్లది డీఎఫ్‌సార్ట్. ఇంకో కంపెనీ చేసిన సింక్‌సార్ట్ కూడా చాలాచోట్ల ఉంది.

జాబును వర్ణించే జేసీఎల్ నుంచి సార్ట్‌ను నేరుగా పిలవొచ్చు. కోబాల్ ప్రోగ్రాములోంచి పిలవొచ్చు. రెక్స్‌లో రాసిన స్క్రిప్టులోంచీ పిలవొచ్చు. రెక్స్ 1979లో ఐబీఎమ్ ఇంజినీరు మైక్ కౌలిషా మొదలుపెట్టిన భాష. చదవడానికి హాయిగా ఉంటుంది, రాయడానికి ఇంకా హాయిగా ఉంటుంది. ఆ హాయిలోనే ఒక చిక్కు ఉంది. జేసీఎల్‌లో ఏ ఫైలు ఎక్కడుందో, సందేశాలు ఎక్కడికి పోతాయో అంతా ఎదురుగా రాసి ఉంటుంది. స్క్రిప్టులో ఫైళ్లను కేటాయించేదీ స్క్రిప్టే, ఏ వరసలో పెట్టాలో సార్ట్‌కు చెప్పే కంట్రోల్ కార్డు రాసేదీ స్క్రిప్టే, సార్ట్‌ను పిలిచేదీ స్క్రిప్టే, సార్ట్ ఇచ్చిన జవాబును మనకు చెప్పేదీ స్క్రిప్టే. మధ్యవర్తి సరిగ్గా చెప్పకపోతే అసలు మాట మనదాకా రాదు.

ఒక ఉదయం జరిగింది ఇది. జాబ్ మొత్తం పచ్చగా ఉంది. ప్రతి స్టెప్పుకూ రిటర్న్ కోడ్ సున్నా, అంటే తప్పేమీ జరగలేదని. అయినా రాత్రి వచ్చిన లావాదేవీల్లో ఒక్కటి కూడా ఖాతాల్లో పడలేదు. పోస్టింగ్ ప్రోగ్రాము మామూలుగా తీసుకునే సమయంలో పదో వంతు కూడా తీసుకోకుండా ముగిసింది. చివర వచ్చే లెక్కల రిపోర్టులో, పోస్ట్ అయినవి ఎన్ని అన్నచోట సున్నా ఉంది. ఆన్‌కాల్‌లో ఉన్న కుర్రాడు ముందు ఇన్‌పుట్ ఫైలు ఖాళీగా వచ్చిందేమో అనుకున్నాడు. ఖాళీ కాదు, నిండుగా ఉంది. సార్ట్ అయ్యాక వచ్చిన ఫైలు తెరిచాడు. అదీ నిండుగానే ఉంది. కానీ మొదటి రికార్డులో ఖాతా నంబరు ఉండాల్సిన చోట పది తొమ్మిదులు!

ఆ పది తొమ్మిదుల రికార్డు ట్రైలర్. ఫైలు అయిపోయిందని చెప్పడానికి పెట్టేది. ఏ ఖాతా నంబరూ అంతకంటే పెద్దది కాదు కాబట్టి ఆరోహణలో సార్ట్ చేస్తే అది ఎప్పుడూ అట్టడుగునే ఉండాలి. అది పైకొచ్చి కూర్చుంది. పోస్టింగ్ ప్రోగ్రాము మొదటి రికార్డే చదివి, లావాదేవీలు అయిపోయాయనుకుని మర్యాదగా ముగించుకుంది. ఎవరో ఆరోహణను అవరోహణగా మార్చారేమో అని కుర్రాడు రెండో రికార్డు చూశాడు. అలా కూడా లేదు. వరసే లేనట్టు ఉంది. సార్ట్‌లోనే ఏదో బగ్ ఉందన్న నిర్ణయానికి వచ్చి మా మిత్రుడికి ఫోన్ చేశాడు.

ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "సార్ట్‌ను తిట్టకు తమ్ముడూ. అది ఏం చెప్పిందో మనం ఇన్నమా?"

ఈ మాటలోనే ఆయన పద్ధతంతా ఉంది. ఆయన కంట్రోల్ కార్డు వైపు పోలేదు. ముందు ఆ సున్నా ఎవరిదో తేల్చుకోవాలన్నారు. ఈ జాబులో సార్ట్‌ను పిలిచేది ఒక రెక్స్ స్క్రిప్టు. దాన్ని తెరిచి, సార్ట్‌ను పిలిచిన వరస దగ్గర ఆగారు. రెక్స్‌లో ఏ ఆదేశం నడిపినా దాని ఫలితం ఆర్‌సీ అన్న చరరాశిలోకి వస్తుంది. తర్వాతి ఆదేశం నడవగానే పాత విలువ పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఈ స్క్రిప్టులో సార్ట్‌ను పిలిచిన వెంటనే ఫైళ్లను వదిలిపెట్టే ఫ్రీ ఆదేశాలు ఉన్నాయి. ఆర్‌సీని పరీక్షించే వరస వాటి తర్వాత ఉంది. కాబట్టి జాబ్ చూపిస్తున్న సున్నా సార్ట్‌ది కాదు. చివరి ఫ్రీ ఆదేశానిది. సార్ట్ పదహారుతో విఫలమై ఉన్నా సరే, ఫైలు విడుదల సవ్యంగా జరిగితే పైకి సున్నాయే కనిపిస్తుంది. ఎన్నేళ్లుగా అలా ఉందో మరి. సార్ట్ ఏనాడూ తప్పు చేయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. సార్ట్ తన సందేశాలను సిస్‌అవుట్ అన్న పేరు మీద రాస్తుంది. స్క్రిప్టు ఆ పేరును డమ్మీకి కట్టింది. అంటే సార్ట్ ఎంత మాట్లాడినా ఎక్కడా అచ్చుకాదు. ఎవరో ఒకప్పుడు, జాబుల అచ్చులు పోగయ్యే స్పూల్‌లో చెత్త పెరగకూడదని మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు.

ఆయన మార్చినవి ఆ రెండే. సార్ట్ పిలుపు తర్వాతి వరసలోనే ఆర్‌సీని వేరే పేరులో దాచారు. సందేశాలను డమ్మీ నుంచి తప్పించి స్పూల్‌కు పంపారు. కంట్రోల్ కార్డు మీద చేయి వేయలేదు. అసలు ఫైళ్లు ముట్టకుండా, వాటి నకళ్ల మీద మళ్లీ నడిపారు. మరమ్మతులో ఇది చాలామంది దాటేసే మెట్టు. అవతల మేనేజర్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే ఎవరికైనా ముందు ఏదో ఒకటి మార్చి చూడాలనిపిస్తుంది. రోగం తెలియకముందు మార్చిన ప్రతిదీ ఇంకో అనుమానాన్ని పుట్టిస్తుంది. ఆయన ముందు యంత్రానికి నోరు ఇచ్చారు.

నోరు రాగానే సార్ట్ చెప్పాల్సిందంతా చెప్పింది. దాని నిజమైన రిటర్న్ కోడ్ కూడా సున్నాయే. ఐసీఈ 143ఐ అన్న సందేశం బ్లాక్‌సెట్ పద్ధతి ఎంచుకున్నానంది. ఐసీఈ 054ఐ లోపలికి వచ్చిన రికార్డులు, బయటికి పోయినవి సమానమని చెప్పింది. ఐసీఈ 052ఐ పని ముగిసిందంది. దీంతో సగం అనుమానాలు ఒక్కసారిగా రాలిపోయాయి. చోటు చాలకపోతే వచ్చే ఐసీఈ 046ఏ లేదు. కార్డులో పొరపాటు ఉంటే వచ్చే సందేశాలూ లేవు.

కార్డు పొరపాట్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. స్క్రిప్టు నుంచి సార్ట్‌ను పిలిచేవాళ్లకు తరచూ తగిలే రాయి అది. సార్ట్ ఆదేశం మొదటి గడిలో మొదలు కాకూడదు. ఆ గడి లేబుల్‌ది. జేసీఎల్‌లో రాసేటప్పుడు అందరూ అలవాటుగా ఖాళీ వదులుతారు. రెక్స్‌లో స్ట్రిప్ అన్న ఫంక్షన్ పొరపాటున ముందున్న ఖాళీని తినేస్తే, సార్ట్ అన్న మాటే లేబుల్ అయిపోతుంది, అసలు ఆదేశం మాయమవుతుంది. ఆదేశం 71వ గడిలోపల ముగియాలి. 72వది కొనసాగింపు గుర్తుకు, 73 నుంచి 80 దాకా వరస సంఖ్యలకు. ఈ ఎనభై గడులు 1928లో ఐబీఎమ్ తెచ్చిన పంచ్‌కార్డువి. కార్డులు పోయి దశాబ్దాలైనా వాటి కొలత మిగిలింది. ఇంకా ముందుకు పోతే 1890 అమెరికా జనగణనలో హాలరిత్ వాడిన కార్డులు, వాటికంటే ముందు 1804 నాటి జకార్డ్ మగ్గం కార్డులు. మా మిత్రుడి తండ్రి జకార్డ్ మగ్గాల మేస్త్రీ. గుడ్డ మీద డిజైన్‌లో తేడా ప్రతి ఆవృత్తిలోనూ ఒకేచోట వస్తుంటే, మగ్గం విప్పకుండానే, గుడ్డ మీద ఆ చోటును బట్టి ఏ కార్డులో రంధ్రం తప్పిందో లెక్క కట్టి తీసేవాడట. కొడుకు తర్వాత వాడింది అచ్చంగా ఆ చూపునే.

సందేశాల్లో ఇంకొకటి ఉంది. ఐసీఈ 201ఐ. రికార్డు రకం వీ, డేటా ఐదో స్థానంలో మొదలవుతుంది అని దాని సారాంశం. ఆయన అక్కడ ఆగారు.

ఇది అర్థం కావాలంటే రికార్డుల సంగతి తెలియాలి. మెయిన్‌ఫ్రేమ్ ఫైలులో రికార్డులన్నీ ఒకే పొడవులో ఉండొచ్చు, లేదా ఒక్కొక్కటి ఒక్కో పొడవు ఉండొచ్చు. రెండో రకంలో ప్రతి రికార్డు ముందూ నాలుగు బైట్ల చిన్న తల ఉంటుంది. దాన్ని ఆర్‌డీడబ్ల్యూ అంటారు. మొదటి రెండు బైట్లలో ఆ రికార్డు పొడవు, తర్వాతి రెంటిలో మామూలుగా సున్నాలు. ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో ఫైలు తెరిచి చూస్తే ఈ తల కనిపించదు. రికార్డు ఆకారం రాసి ఉండే కోబాల్ కాపీబుక్‌లోనూ ఉండదు. సార్ట్ మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కంటికి ఒకటో స్థానంలో కనిపించే ఖాతా నంబరు సార్ట్‌కు ఐదో స్థానంలో ఉంటుంది.

స్క్రిప్టులో ఉన్న కార్డు ఒకటో స్థానం నుంచి పది బైట్లు, క్యారెక్టర్ రకం, ఆరోహణ అంటోంది. ఫైలు ఒకే పొడవున్న రకంగా ఉన్నన్నాళ్లూ అది సరైన కార్డే. ఆ వారాంతంలో లావాదేవీ రికార్డులకు వ్యాఖ్య అనే కొత్త భాగం చేర్చారు. వ్యాఖ్య ఒక్కొక్కరిది ఒక్కో పొడవు కాబట్టి ఫైలును వేరియబుల్ రకానికి మార్చారు. పోస్టింగ్ ప్రోగ్రామును మార్చారు, జేసీఎల్‌ను మార్చారు, కంట్రోల్ కార్డుల లైబ్రరీ వెతికి అక్కడున్న ప్రతి సార్ట్ కార్డునూ సరిచేశారు. స్క్రిప్టు కడుపులో రాసి ఉన్న ఈ ఒక్క కార్డు ఆ వెతుకులాటకు దొరకలేదు. పైగా స్క్రిప్టు అవుట్‌పుట్ ఫైలును లైక్ అన్న మాటతో, అంటే ఇన్‌పుట్ ఎలా ఉంటే అలాగే సృష్టించుకుంటోంది. లేకపోతే రెండు ఫైళ్ల రకాలు సరిపోలక అక్కడే ఏదో ఒక గొడవ బయటపడేది. ఆ సర్దుబాటు గుణం వల్ల అంతా నిశ్శబ్దంగా సాగిపోయింది.

ఇక్కడికి సమాధానం దొరికినట్టే. చాలామంది ఇక్కడే ఒకటిని ఐదుగా మార్చి జాబ్ నడిపేస్తారు. ఆయన మార్చలేదు. తన ఊహ నిజమైతే తప్పు ఫైలు ఎలా కనిపించాలో ముందు కాగితం మీద రాసుకున్నారు. ఒకటో స్థానం నుంచి పది బైట్లంటే రెండు బైట్ల పొడవు, రెండు సున్నా బైట్లు, ఖాతా నంబరులో మొదటి ఆరు అంకెలు. కాబట్టి ఫైలు ముందు పొడవు వరసలో ఉండాలి. అన్నింటికంటే పొట్టిది ట్రైలర్ కాబట్టి అది అందరికంటే పైన ఉండాలి. ఒకే పొడవున్న రికార్డుల్లో మొదటి ఆరు అంకెలు వరసలో ఉండాలి. చివరి నాలుగు అంకెలకు వరస ఉండకూడదు.

నాలుగైదు వరసల రెక్స్ రాసి, ఎక్జెక్‌ఐఓతో ఫైలు చదివించి, ఒక్కొక్క రికార్డు పొడవునూ, పక్కనే ఖాతా నంబరునూ అచ్చు వేయించారు. పొడవులు మెట్లు మెట్లుగా పెరుగుతూ పోయాయి. ప్రతి మెట్టు మీదా ఖాతా నంబర్ల మొదటి ఆరు అంకెలు బుద్ధిగా వరసలో ఉన్నాయి. చివరి నాలుగు ఎటు పడితే అటు ఉన్నాయి. కుర్రాడికి వరసే లేనట్టు కనిపించిన ఫైలులో నిఖార్సైన వరస ఉంది. మనం అడిగిన వరసే అది. పొరపాటు ఫైలును కూడా సాక్ష్యంగా చదివి, అది ఏ ఆదేశానికి లోబడి అలా అయిందో వెనక్కి నడిచి చెప్పగలగడం నాకు ఈ పనిలో అన్నింటికంటే గొప్పగా అనిపించింది. ఊహ సరైనదని మరమ్మతు పనిచేశాక తెలియడం వేరు. మరమ్మతుకు ముందే తెలియడం వేరు.

అప్పుడు ఒకటిని ఐదుగా మార్చారు. ట్రైలర్ అడుగుకు పోయింది. పోస్టింగ్ నడిచింది. లెక్కల రిపోర్టులో లావాదేవీల సంఖ్యా ట్రైలర్‌లో రాసిన సంఖ్యా సరిపోయాయి.

తర్వాతి పని తీరిగ్గా చేశారు. నాకు ఆయన పనితనం మీద గౌరవం పెరిగింది ఇందులోనే. దాచిపెట్టిన ఆర్‌సీ సున్నా కాకపోతే స్క్రిప్టు అదే నంబరుతో ఆగిపోయేలా చేశారు. సందేశాలను స్పూల్‌లోనే ఉంచేశారు. రోజుకు కొన్ని పంక్తులు పెరిగితే ఎవరి ఆస్తీ కరిగిపోదన్నది ఆయన వాదన. సార్ట్‌ను పిలిచే ముందు లిస్ట్‌డీఎస్ఐ అన్న ఫంక్షన్‌తో ఇన్‌పుట్ ఫైలు రకం కనుక్కుని, అనుకున్న రకం కాకపోతే సార్ట్ దాకా పోకుండా ఆపే పరీక్ష పెట్టారు.

ఈ పరీక్ష మీద కుర్రాడితో చిన్న చర్చ నడిచింది. రకం ఎలాగూ తెలుస్తోంది కదా, వేరియబుల్ అయితే స్క్రిప్టే నాలుగు కలుపుకునేలా రాయొచ్చు కదన్నా అని అతను అడిగాడు. తెలివైన ప్రశ్న. ఆయన ఒప్పుకోలేదు. ఫైలు రకం మారిందంటే రికార్డు లోపల ఇంకా ఏవో మారి ఉంటాయి, వాటిని ఒక మనిషి చూడాలి అన్నారు. అవుట్‌పుట్ దానంతట అది సర్దుకుపోవడం వల్లనే కదా ఇంతవరకూ వచ్చింది అని గుర్తుచేశారు. నేనూ ఆయన పక్షమే. రాత్రి జాబ్ ఆగితే ఒకరి నిద్ర పోతుంది. ఆగాల్సిన చోట ఆగకపోతే వేల ఖాతాలు తప్పవుతాయి.

అదే చూపుతో కొత్త కార్డును ఇంకోసారి పరిశీలించారు. కీ ఐదో స్థానం నుంచి పద్నాలుగో స్థానం దాకా ఉంది. ఎప్పుడైనా అంతకంటే పొట్టి రికార్డు వస్తే? డీఎఫ్‌సార్ట్ మామూలుగా ఐసీఈ 218ఏ సందేశమిచ్చి ఆగిపోతుంది. అలా ఆగకుండా, లేని బైట్లను సున్నాలుగా భావించి నడిపించే వీఎల్ షార్ట్ అనే ఆప్షన్ ఒకటుంది. దాన్ని చేర్చితే ఇక ఆ బాధ ఉండదని ఇంకో సహోద్యోగి సలహా ఇచ్చారు. ఖాతా నంబరే పూర్తిగా లేని లావాదేవీని వరసలో ఎక్కడ పెట్టినా ఏం లాభం అని అడిగి, ఆ ఆప్షన్ లేకుండానే కార్డును వదిలేశారు. ఎందుకు వదిలేశారో స్క్రిప్టులో ఆ వరసకు పైన రెండు పంక్తుల్లో రాసి పెట్టారు.